క్యూ కాంప్లెక్స్ టీవీలో మన కొండను చూపించండి

తిరుమల తిరుపతి దేవస్థానం ధర్మకర్తల మండలికి, కార్యనిర్వహణాధికారి గారికి, శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ పెద్దలకు,

నమస్కారం.

నేను తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసి బతికేవాణ్ణి. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. కొండమీద, శ్రీనివాసమంగాపురంలో, ఊళ్లోని కల్యాణ మండపాల్లో ఎన్ని ముహూర్తాలు కెమెరాకెక్కించానో లెక్క పెట్టుకోలేదు. మీకు రాస్తున్నది మాత్రం పెళ్లిళ్ల సంగతి కాదు. మీ చేతిలో ఉన్న ఒక తెర సంగతి.

పోయిన ఏడాది మా అమ్మనూ పిల్లలనూ తీసుకుని సర్వదర్శనానికి వెళ్లాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో తొమ్మిది గంటలు కూర్చున్నాం. సెల్‌ఫోన్లు అప్పటికే డిపాజిట్ చేసేశాం. పాలు ఇచ్చారు, ఉప్మా పెట్టారు, ఎక్కడా లోటు లేదు. మా పక్కన అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆరేడేళ్ల పాప వాళ్ల నాన్నను వదలకుండా అడుగుతోంది: "మెట్లెక్కేటప్పుడు చూసినాము కదా నాన్నా, ఆ జింకలు రాత్రి యాడ పడుకుంటాయి? చిరుత వస్తే ఏం చేస్తాయి?" ఆయన రెండు మూడు సార్లు ఏదో చెప్పి, చివరికి "నాకూ తెలీదు తల్లీ, నిద్రపో" అన్నాడు. ఆ పాప నిద్రపోలేదు. తలెత్తి గోడమీది టీవీ చూస్తూ కూర్చుంది. మేమందరం అదే చూస్తున్నాం. చూడడానికి ఇంకేం లేదు కదా.

ఆ రాత్రే నాకు ఈ ఆలోచన వచ్చింది. రోజుకు అరవై, డెబ్బై వేలమంది ఈ కొండకు వస్తారు. చేతిలో ఫోన్ లేకుండా, లేచి పోయే వీలు లేకుండా, మనసు మెత్తబడి, ఏం చెప్పినా శ్రద్ధగా వినే స్థితిలో గంటల తరబడి ఒక టీవీ ముందు కూర్చునేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు? ఏ సినిమా హాలుకూ ఆ భాగ్యం లేదు. ఆ తెరమీద గంటకు ఒక పది నిమిషాలు, వాళ్లు నడిచి వచ్చిన అడవి గురించి, ఆ అడవిలో బతికే ప్రాణుల గురించి, ఆ అడవిని ఎరిగిన మనుషుల గురించి చిన్న సినిమాలు వెయ్యండి. నేను అడిగేది ఇదే. మిగతా ఉత్తరమంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

సినిమా వల్ల ఏమవుతుంది అనే మాట ముందే వస్తుంది కాబట్టి ఒక సంగతి చెప్తాను. గుజరాత్ తీరంలో వేల్ షార్క్ అనే సొరచేప ఉంది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప అదే, బస్సంత పొడవు పెరుగుతుంది. మనిషిని ఏమీ చెయ్యదు. దాని కాలేయం నూనె పడవలకు పూయడానికి, మాంసం ఎగుమతికి పనికొస్తుందని వందలకొద్దీ చంపేవాళ్లు. 2000లో మైక్ పాండే అనే దర్శకుడు 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అని ఒక డాక్యుమెంటరీ తీసి ఆ చంపడాన్ని ఉన్నదున్నట్టు చూపించాడు. మరుసటి ఏడే, 2001లో, కేంద్ర ప్రభుత్వం ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లో చేర్చింది. మన దేశంలో చట్టం అండ దొరికిన మొదటి చేప అది.

అయితే చట్టం వచ్చినంత మాత్రాన జాలరి చెయ్యి ఆగుతుందా? వలలో పడ్డ చేపను వదలాలంటే ఖరీదైన వలను కోసెయ్యాలి. అక్కడ పని చేసింది ఒక భక్తుడి మాట. రామకథ చెప్పే మొరారి బాపు 2004లో ఆ ప్రచారంలోకి వచ్చి, ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అన్నారు. కాన్పుకు వచ్చిన కూతుర్ని ఎవరైనా చంపుకుంటారా? ఆ ఒక్క మాటతో ఊళ్లు కదిలాయి. అప్పటినుంచి వందల చేపలను జాలర్లు తమ వలలు తామే కోసి సముద్రంలోకి వదిలారు. సినిమా చూపించింది, చట్టం కాపు కాసింది, మనసు మార్చింది మాత్రం భక్తి. ఆ మూడో శక్తి మన తెలుగునాట ఎవరి దగ్గరుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

"ఇది భక్తి ఛానల్, జంతువుల సినిమాలు ఎలా వేస్తాం" అని మీలో కొందరికి అనిపించొచ్చు. న్యాయమైన సందేహమే. కానీ స్వామి సేవలోనే అడవి ఉంది కదా. శుక్రవారం అభిషేకం అయ్యాక మూలమూర్తికి పూసేది పునుగు తైలం. ఆ మాట వినని భక్తుడు లేడు, ఆ పునుగుపిల్లిని చూసినవాడు నూటికి ఒక్కడు ఉంటాడో లేడో. బూడిదరంగు ఒళ్లు, పక్కల మీద నల్లటి చుక్కలు వరసగా, తోక మీద ఉంగరాల్లాంటి చారలు. రాత్రిపూట తిరుగుతుంది. తన దారి గుర్తుకోసం రాళ్లకూ కర్రలకూ రుద్దే జిగటే మనం తైలం అంటున్నది. స్వామి ఒంటికి సుగంధం ఇచ్చే ప్రాణి బతుకు పది నిమిషాలు చూపిస్తే అది భక్తి కార్యక్రమం కాకుండా పోతుందా? ఏడు కొండలూ ఆదిశేషుడే అని మీ ఛానల్‌లోనే రోజూ వింటాం. కొండను కాలితో తొక్కకూడదని రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని మోకాళ్ల పర్వతం దగ్గర ఈనాటికీ చెప్పుకుంటారు. కొండే దేవుడైనప్పుడు కొండమీది చెట్టూ పిట్టా వేరే ఎలా అవుతాయి?

మా ఇంటి సంగతి ఒకటి. మా అమ్మకు బల్లి మీద పడితే దోషమని భయం. ఆ దోషం పోవాలని నా చిన్నప్పుడు మమ్మల్ని కంచికి తీసుకెళ్లింది. వరదరాజ పెరుమాళ్ గుడిలో పైకప్పుకున్న బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకించింది. నన్ను ఎత్తుకోలేక ఎత్తుకుని "తాకరా, బాగా తాకు" అనడం ఇంకా గుర్తుంది. అది అయిన పాతికేళ్లకు, కొండమీద ఒక పెళ్లి కవర్ చేసి, సాయంత్రం ఒక తీర్థం పక్కన బండల మీద కూర్చుని బ్యాటరీలు సర్దుకుంటున్నాను. రాతి సందులో పచ్చగా ఏదో మెరిసింది. పసుపు ముద్ద అనుకున్నాను, ఎవరో పూజ చేసి పెట్టారేమో అని. అది కదిలింది. జానెడు బల్లి. ఒళ్లంతా మేలిమి బంగారం రంగు. వేళ్ల చివర రెండేసి చిన్న మెత్తలు, ఆకులు అతికించినట్టు. బండకు తలకిందులుగా అంటుకుని నా వైపు చూసి, గొంతు ఉబ్బించి, సందులోకి జారిపోయింది. సెల్‌ఫోన్‌లో పడింది నలభై సెకన్లే. ఆ సందు గోడకు తెల్లటి గుడ్లు, గోళీలంత, పక్కపక్కన గుంపుగా అతికించి ఉన్నాయి.

తర్వాత తెలుసుకున్నాను, అది బంగారు బల్లి. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ 1870లో దాన్ని మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తర్వాత ఎన్నో దశాబ్దాలు ఎవరి కంటా పడలేదు. 1980ల్లో మళ్లీ కనిపించింది మన తిరుమలలోనే. మగవాటికే ఆ బంగారు రంగు, ఆడవి మట్టి రంగులో ఉంటాయి. నలభై సెకన్ల వీడియో మా పెళ్లి వీడియోగ్రాఫర్ల గ్రూపులో పెడితే "గ్రాఫిక్స్ బాగున్నాయన్నా, ఏ సాఫ్ట్‌వేర్?" అని అడిగారు. వాళ్లంతా ఈ కొండ నీడలో పుట్టి పెరిగినవాళ్లే. నాకు నిద్ర పట్టలేదు ఆ రోజు. కంచిదాకా వెళ్లి లోహపు బల్లిని తాకి వస్తాం, మన స్వామి కొండలో ప్రాణమున్న బంగారు బల్లి ఉందని మనకే తెలియదు.

మన పిల్లలకు పెంగ్విన్ తెలుసు, కంగారూ తెలుసు, ఆఫ్రికా సింహం జింకను ఎలా వేటాడుతుందో తెలుసు. ఆ సినిమాలు తప్పని నేను అనను, నేను కెమెరా పని నేర్చుకున్నది వాటిని చూసే. కానీ శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, అంటే చెట్టూ పిట్టా అన్నిటితో కలిపి కాపాడాల్సిన ప్రాంతం, 4,755 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల మధ్య. ఇంత అడవి గురించి మన భాషలో, మన మాటల్లో కూర్చోబెట్టి చూపించే సినిమాలు ఎన్ని ఉన్నాయి? పేరిత చెట్టునే తీసుకోండి. ఈతచెట్టు తమ్ముడిలా ఉంటుంది. డైనోసార్ల కాలం నుంచి వస్తున్న చెట్ల వంశానిది. ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. దాని మగ కంకులను మందుల కోసం నరికేస్తున్నారు. నడకదారిన వచ్చేవాళ్లలో ఎంతమంది దాని పక్కగా పోతూ ఇది ఏ చెట్టో అనుకోకుండా పోతున్నారో.

ఇక ఎర్రచందనం. 2021లో వచ్చిన ఒక సినిమాతో మన శేషాచలం పేరు దేశమంతా మారుమోగింది. నేను కూడా మొదటి ఆటకే వెళ్లి చూశాను, మా చిత్తూరు యాస తెరమీద వింటే ఒళ్లు పులకరించింది. ఆ సినిమా తప్పులు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ అడవి సన్నివేశాలు ఎక్కువగా తీసింది మారేడుమిల్లిలో. కథ స్మగ్లర్‌ది. చెట్టు కథ ఎవరు చెప్తారు? బెరడు నల్లగా గళ్లు గళ్లుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. గాటు పెడితే రక్తంలా కారుతుంది. ఎండాకాలం ఆకు రాల్చి, పసుప్పచ్చ పూలు పూస్తుంది. లోపలి చేవ ముదరడానికి మనిషి జీవితంలో సగం పడుతుంది. నరకడానికి గంట చాలు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నా దొంగతనంగా దేశం దాటుతూనే ఉంది. 2015 ఏప్రిల్ 7న మన అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. తమిళనాడు కొండ ఊళ్ల నుంచి వచ్చిన పేదవాళ్లు. తప్పొప్పులు తేల్చడానికి కోర్టులున్నాయి. ఒక్క దుంగ వెనక ఎన్ని ఇళ్లు కూలుతాయో చెప్పే సినిమా మాత్రం కొండకు వచ్చే తమిళ భక్తులకూ చూపించాలి. మీకు తెలుగుతోపాటు తమిళ, కన్నడ, హిందీ ఛానళ్లు కూడా ఉన్నాయి కదా.

అడవి అంటే జంతువులు మాత్రమే కాదని నాకు అర్థమైంది రెండేళ్ల కిందట. చంద్రగిరి దగ్గర ఒక పెళ్లిలో ఎల్‌ఈడీ తెర పెట్టాం. పెళ్లి తెల్లవారుజామున అయిపోయింది, తెర వెనక్కి పంపడానికి ఒక రోజు టైముంది. ఆ పక్కనే యానాది గిరిజనుల కాలనీ. మా దగ్గర లైట్లు మోసే కుర్రాడిది ఆ కాలనీయే. "అన్నా, మా వాళ్లకు ఏదన్నా ఒక సినిమా వెయ్యకూడదా" అన్నాడు. 2023లో ఆస్కార్ వచ్చిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' వేశాం. ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లి దంపతులు తల్లిలేని ఏనుగు పిల్లను సాకిన కథ. తర్వాత నా దగ్గరున్న మరికొన్ని వీడియో ముక్కలు వేశాను. అందులో దేవాంగపిల్లి వచ్చింది, పేరుకే పిల్లి, కోతికి దూరపు చుట్టం, చెట్టు కొమ్మను పట్టుకుని పెద్ద పెద్ద కళ్లతో.

ముందు వరసలో కింద కూర్చున్న ఒక అవ్వ గట్టిగా "ఇదేందిరా, మా దేవాంగం!" అంది. ఇక ఆపలేదు. చీకట్లో దాని కళ్లు రెండు నిప్పుకణికల్లా ఎలా కనిపిస్తాయో, ఏ చెట్ల మీద ఉంటుందో, మెల్లగా ఒక్కో చెయ్యి ఎలా మారుస్తుందో తన చేతులతోనే చేసి చూపించింది. మందులకనీ మంత్రాలకనీ దాన్ని పట్టుకుపోయేవాళ్లను తిట్టింది. నేను "అవ్వా, మీరు ఇంకా ఏమేం చేసేవాళ్లు?" అని అడిగితే, లేచి ఇంట్లోకి పోయి ఒక పాత కుండ తెచ్చింది. అడుగున చిటికెనవేలు పట్టేంత రంధ్రం. లోపల ఎండు గడ్డి కుక్కి, నిప్పు వేసి, కుండ మూతి ఎలక బొక్కకు ఆనించి, సందులు మట్టితో మెత్తి, అడుగు రంధ్రంలోంచి నోటితో ఊదుతారు. పొగ నేలలోపలికి పోతుంది. ఎలకలు ఇంకో బొక్క నుంచి బయటికి రావాల్సిందే. రైతులు పిలిపించుకునేవాళ్లట వరి కోతలప్పుడు. ఎలక దాచుకున్న వడ్లు కూడా తవ్వి తీసుకునేవాళ్లు. "ఇప్పుడు మందు పెడతా ఉండారు నాయనా. ఆ ఎలకను తిని గుడ్లగూబ చస్తాది, పాము చస్తాది" అంది. ఆ మాట వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్లు చెప్పేదే. అవ్వ బడికి పోలేదు.

ఆ అవ్వ మనవడికి ఆ కుండ పట్టుకోవడం రాదు. లైట్లు మోసే మా కుర్రాడు సిగ్గుగా నవ్వాడు. అవ్వ పోతే ఆ కుండతో పాటు ఆ విద్యా పోతుంది. వెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ ఏనుగు వాళ్లను తీసినట్టు మమ్మల్ని కూడా ఎవురన్నా తీస్తారా నాయనా? తీస్తే నేను బతికుండంగా తియ్యండి" అంది.

అప్పట్నుంచి ఊరికే ఉండలేకపోయాను. అడవిలో చిన్న డాక్యుమెంటరీకి అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. ఆ ఆఫీసు పేరు చెప్పను, అక్కడివాళ్లను బజారుకీడ్చడం నాకు ఇష్టం లేదు. పెద్ద సినిమా పాటకు ఏ ఫీజు కట్టాలో నాకూ అదే చెప్పారు, రోజుకింత అని. బంగారు బల్లి బయటికి రావడానికి ఎన్ని రాత్రులు కాచుకోవాలో వాళ్లకు ఎలా చెప్పను? చివరికి ఫైలు కనపడడం లేదన్నారు. నేను పెళ్లి సీజన్‌లోకి వెళ్లిపోయాను.

అందుకే దేవస్థానం పూనుకోవాలని అడుగుతున్నాను. మీకు సొంత అటవీ విభాగం ఉంది, ఛానల్ ఉంది, కెమెరాలున్నాయి, మీరు రాసిన ఉత్తరానికి ఏ ఆఫీసైనా జవాబిస్తుంది. ఇక్కడి కుర్రాళ్లను తీసుకోండి. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నాలాంటి పెళ్లి వీడియోగ్రాఫర్లు వందలమంది ఉన్నాం. మూఢాల్లో మాకు పని ఉండదు. రాత్రి వెలుతురులో తియ్యడం, కదలకుండా కాచుకోవడం మాకు అలవాటే. అడవిలో ఎలా మెలగాలో అటవీ సిబ్బందితో రెండు వారాలు నేర్పించండి. దారి చూపించేవాళ్లుగా యానాది పెద్దలను పెట్టుకోండి, వాళ్లకు కూలి కాదు, జీతం ఇవ్వండి, తెరమీద పేరు వెయ్యండి.

ఈ చివరి మాట కావాలని రాస్తున్నాను. ముదుమలై సినిమాకు అంత పేరు వచ్చాక, ఆ దంపతులకూ చిత్ర బృందానికీ మధ్య డబ్బు దగ్గర వివాదం వచ్చి లాయరు నోటీసుల దాకా వెళ్లింది. ఎవరిది న్యాయమో నేను చెప్పలేను. మన దగ్గర అలాంటిది రాకూడదంటే కెమెరా ఆన్ చెయ్యకముందే కాగితం మీద రాసుకోవాలి. తీసిన సినిమా మొదటి ఆట క్యూ కాంప్లెక్స్‌లో కాదు, ఎవర్ని తీశామో వాళ్ల కాలనీలో పడాలి. వాళ్లు తీసెయ్యమన్నది తీసెయ్యాలి.

ఏం తియ్యాలో వెతుక్కోవాల్సిన పని లేదు. పలమనేరు, కుప్పం వైపు వెళ్తే కౌండిన్య అడవి ఉంది. 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చి అక్కడే నిలిచిపోయాయి, 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. ఆ ఏనుగుల సినిమాలో రైతు తప్పక ఉండాలి. రాత్రంతా టమాటా తోటలో మంట వేసుకుని కాపలా కాసే మనిషినీ, వేలాడే కరెంటు తీగ తగిలి పడిపోయిన ఏనుగునూ ఒకే సినిమాలో చూపించాలి. రైతును విలన్‌గా చూపిస్తే ఆ సినిమా పలమనేరులో ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. నేలపట్టులో నీళ్లలో నిలబడిన కడప అనే చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెడతాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి, 2022 నుంచి అవి మన తిరుపతి జిల్లావే. ఏర్పేడు దగ్గర మాధవమాలలో తరతరాలుగా చెక్కలో దేవుళ్లను చెక్కే చేతులున్నాయి. చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి మీద భీముడి గద పడుతుంది. ఆ వేషం కట్టేవాళ్ల తల నెరిసిపోయింది. పిల్లలు బెంగళూరులో ఉన్నారు.

నడకదారిన చిరుత సంగతి రాయకుండా ఉండలేను. 2023లో ఆరేళ్ల పాపను పోగొట్టుకున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లు నడిచి వచ్చేవాళ్లకు మీరు కర్రలు కూడా ఇచ్చారు. కర్ర అవసరమే. కానీ తిండి పారేస్తే కుక్కలూ అడవిపందులూ చేరతాయని, వాటి వెనకే చిరుత వస్తుందని, జింకకు చేతితో పెట్టడం జింకకే కీడని బోర్డు రాస్తే చదివేది పది మంది. అదే తెరమీద, ఆ దారిలోనే తీసి చూపిస్తే దిగేటప్పుడు చిన్నపిల్లలే పెద్దవాళ్ల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కుంటారు. క్యూలో మా పక్కన కూర్చున్న ఆ పాప అయితే తప్పకుండా లాక్కునేది.

నా వంతు చెప్తాను. నా కెమెరాలు, లైట్లు మూఢం నెలల్లో మీవి, అద్దె అక్కర్లేదు. నలభై సెకన్ల బంగారు బల్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఈ ఉత్తరంతో పాటు పరిపాలనా భవనంలో ఇస్తున్నాను, రేపటి నుంచే వేసుకోవచ్చు. మొదటి సినిమాగా అవ్వ కుండను తియ్యనివ్వండి. ఆమెకు ఎనభై దాటాయి. ఈ మధ్య మోకాళ్ల నొప్పితో కాలనీ దాటి రావడం లేదని మా కుర్రాడు చెప్పాడు. ఈ కార్తీకం లోపల మీరు ఒక రోజు చెప్తే చాలు, కెమెరా తీసుకుని నేనే ఆమె గడప దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసే మీ భక్తుడు